పక్క పేటలో ఎందుకు చనిపోలేదు? – సమాజశాస్త్ర పరిచయ ప్రసంగం

మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

1995 జూలైలో అమెరికాలోని చికాగో నగరాన్ని వడగాలులు కమ్ముకున్నాయి. ఉష్ణోగ్రత 41 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లింది. దానికి గాలిలో తేమ తోడైంది. రాత్రిళ్లు కూడా ఇళ్లు చల్లబడలేదు. మామూలుగా ఆ రోజుల్లో నమోదయ్యే మరణాల కంటే ఒక్క వారంలో 739 మరణాలు ఎక్కువగా సంభవించాయి. పోయినవారిలో అత్యధికులు వృద్ధులు. చాలామంది ఒంటరిగా, తలుపులూ కిటికీలూ బిగించుకున్న గదుల్లో ప్రాణాలు విడిచారు.

వీళ్లు ఎందుకు చనిపోయారు? ఎండ తీవ్రత వల్ల అంటారు వాతావరణ శాస్త్రవేత్త. వడదెబ్బ తట్టుకోలేక అంటారు వైద్యుడు. రెండూ నిజమే. నగర అధికారుల వైపు నుంచి మరో మాట కూడా వచ్చింది: తమ గురించి తాము పట్టించుకోనివాళ్లు చనిపోయారని. ఈ మూడో మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఎవరికైనా కష్టం వచ్చినప్పుడు మనందరి నోటికీ ముందుగా వచ్చే మాట అదే కాబట్టి. పరీక్ష తప్పితే చదవలేదంటాం, ఉద్యోగం రాకపోతే ప్రయత్నం చాలలేదంటాం, పేదవాడైతే జాగ్రత్త లేదంటాం.

ఎరిక్ క్లినెన్‌బర్గ్ అనే సమాజశాస్త్రవేత్త ఆ మాటను పరీక్షకు పెట్టారు. శవాన్ని కోసి మరణకారణం వెతికే వైద్యుల పద్ధతిలో తాను నగరాన్ని విప్పి చూస్తానని, తన పనికి ‘సామాజిక శవపరీక్ష’ అని పేరు పెట్టారు. ఆయన చేసిన ముఖ్యమైన పని ఒక్కటే. పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశారు. ఒకటి నార్త్ లాన్‌డేల్, రెండోది సౌత్ లాన్‌డేల్. రెండింట్లోనూ పేదరికం ఉంది. రెండింట్లోనూ ఒంటరిగా బతికే వృద్ధుల నిష్పత్తి దగ్గరదగ్గరగానే ఉంది. రెండింటి మీదా కాసింది ఒకే ఎండ. అయినా మొదటి పేటలో లక్ష మందికి 40 మంది చొప్పున చనిపోతే, రెండో పేటలో ఆ లెక్క నాలుగుకు లోపే.

నార్త్ లాన్‌డేల్‌లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, దుకాణాలు పోయాయి, జనం వలస వెళ్లారు. పాడుబడ్డ భవనాలు, ఖాళీ స్థలాలు మిగిలాయి. వీధిలో నేరాల భయం. అక్కడ ఒక వృద్ధురాలు గది దాటి బయటికి వచ్చినా వెళ్లి కూర్చోవడానికి చోటు లేదు, పలకరించే మనిషి లేడు. సౌత్ లాన్‌డేల్ వీధులు రద్దీగా ఉండేవి. దుకాణాలు తెరిచి ఉండేవి, మనుషులు తిరుగుతుండేవారు. ముసలివాళ్లు బయటికి వచ్చి చల్లని దుకాణంలో కాసేపు నిలబడగలిగారు. కనబడకపోతే ఎవరో ఒకరు ఆరా తీసే అవకాశం ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. మొదటి పేటలో ఎక్కువమంది ఆఫ్రికన్ అమెరికన్లు, రెండో పేటలో ఎక్కువమంది లాటిన్ అమెరికా మూలాలున్నవారు. ‘లాటిన్ కుటుంబాలు పెద్దలను బాగా చూసుకుంటాయి, అంతే’ అని తేల్చేయవచ్చు కదా? అందుకే ఇంకో పోలిక అవసరమైంది. ఎంగల్‌వుడ్, ఆబర్న్ గ్రెషమ్ అనే రెండు పేటల్లోనూ దాదాపు అందరూ ఆఫ్రికన్ అమెరికన్లే. అయినా మొదటి దానిలో లక్షకు 33 మంది, రెండో దానిలో ముగ్గురు చనిపోయారు. జాతి ఒకటే, ఎండ ఒకటే. తేడా వచ్చింది పేట బతికి ఉందా, శిథిలమైందా అన్న చోట. తమను తాము పట్టించుకోలేదన్న మాట ఈ లెక్కల ముందు నిలబడదు. పట్టించుకోని స్వభావం పేట సరిహద్దు దగ్గర పది రెట్లు ఎలా మారుతుంది?

సమాజశాస్త్రం అంటే ఏమిటని నన్ను అడిగితే నేను నిర్వచనం చెప్పను, ఈ పోలికనే చూపిస్తాను. ఒక మనిషి స్వభావంగా కనిపించేది నిజంగా ఆ మనిషి స్వభావమేనా, లేక అతని చుట్టూ ఉన్న ఏర్పాటా అని అడిగి, జవాబును ఊహకు వదలకుండా పక్కపక్కన పెట్టి చూడటమే ఈ శాస్త్రం.

అమెరికా సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో ఈ సంగతిని నిరుద్యోగం ఉదాహరణతో చెప్పారు. లక్ష జనాభా ఉన్న నగరంలో ఒక్కడికే పని లేకపోతే అతని నైపుణ్యాన్ని, నడవడికను చూడాలి. ఐదు కోట్ల మంది శ్రామికులున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే ఒక్కొక్కరి నడవడికను తరచి చూస్తూ కూర్చుంటే జవాబు దొరకదు. అప్పుడు చూడవలసింది పనులు కల్పించే వ్యవస్థను.

ఈ చూపు ఎప్పటినుంచి ఉంది? 1377లోనే ఉత్తర ఆఫ్రికాకు చెందిన అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ రాజ్యాల ఉత్థాన పతనాలను రాజుల గుణదోషాలతో కాక, సమూహాల మధ్య ఉండే ఐక్యతతో వివరించే ప్రయత్నం చేశారు. ‘సోషియాలజీ’ అన్న పేరును 1830ల చివరలో ప్రచారంలోకి తెచ్చినవారు ఫ్రాన్స్‌కు చెందిన ఆగస్ట్ కామ్టే. అయితే పేరు పెట్టడం వేరు, శాస్త్రంగా నిలబెట్టడం వేరు. ఆ రెండో పనిలో నాకు అందరికంటే ముఖ్యుడిగా కనిపించేది ఫ్రాన్స్‌కే చెందిన ఎమిల్ డర్క్‌హైమ్.

1897లో డర్క్‌హైమ్ ఆత్మహత్యలపై ఒక గ్రంథం ప్రచురించారు. ఆ అంశాన్ని ఎంచుకోవడంలోనే సాహసం ఉంది. మనిషి చేసే పనుల్లో అంతకంటే ఏకాంతమైనది, అంతకంటే వ్యక్తిగతమైనది మరొకటి లేదని అందరూ అనుకుంటారు. ఆయన ఐరోపా దేశాల అధికారిక లెక్కలను ముందు వేసుకున్నారు. ప్రతి దేశానికీ ఒక రేటు ఉంది, అది ఏటేటా పెద్దగా మారడం లేదు. ఒక ఏడాది చనిపోయినవారు మరుసటి ఏడాది ఉండరు. మనుషులు వేరు, వాళ్ల దుఃఖాలు వేరు, కానీ రేటు మాత్రం అలాగే నిలిచి ఉంది. ప్రొటెస్టంట్లలో కాథలిక్కుల కంటే, అవివాహితుల్లో వివాహితుల కంటే రేటు ఎక్కువ. ఆర్థిక సంక్షోభంలో రేటు పెరగడం ఎవరైనా ఊహిస్తారు. హఠాత్తుగా సిరి వచ్చిపడిన కాలంలోనూ పెరుగుతుందని ఆయన చూపించారు. కేవలం పేదరికమే కారణమైతే ఇలా జరగకూడదు. మనిషిని ఇతరులతో కలిపి ఉంచే బంధాలు, కోరికలకు హద్దు చూపే కట్టుబాట్లు సడలినప్పుడు మనిషి ప్రమాదంలో పడతాడన్నది ఆయన వాదన.

ఆ వాదన మీద విమర్శలూ వచ్చాయి. 1967లో అమెరికా సమాజశాస్త్రవేత్త జాక్ డగ్లస్ ఒక మౌలికమైన సందేహం లేవనెత్తారు: ఒక మరణాన్ని ఆత్మహత్యగా నమోదు చేసేది ఎవరు? ఒక అధికారి. ఆత్మహత్యను పాపంగా భావించే చోట కుటుంబం ఆ సంగతి దాచదా? కుటుంబ బంధాలు గట్టిగా ఉన్నచోట దాచడానికి మనుషులూ ఎక్కువే ఉంటారు. అప్పుడు డర్క్‌హైమ్ కొలిచింది ఆత్మహత్యలనా, దాచగలిగే శక్తినా? ఈ ప్రశ్న వల్ల డర్క్‌హైమ్ స్థానం తగ్గిందని నేను అనుకోను. అంకె ముందున్నప్పుడు ఆ అంకె ఎలా పుట్టిందో కూడా అడగాలని ఆ వివాదం మనకు నేర్పింది. మీరు రేపు పత్రికలో చదవబోయే నేరాల గణాంకాలకూ, నిరుద్యోగ గణాంకాలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

‘ఇదంతా మాకు తెలిసిందే కదా, దీనికి శాస్త్రం ఎందుకు?’ అన్నది తరచూ వినే మాట. దానికి సమాజశాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ 1949లో గొప్ప జవాబు ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులపై జరిగిన ఒక పెద్ద పరిశోధనను సమీక్షిస్తూ ఆయన కొన్ని ఫలితాలను వరుసగా పేర్కొన్నారు. చదువుకున్న సైనికుల్లో చదువు తక్కువవారి కంటే మానసిక ఒత్తిడి లక్షణాలు ఎక్కువ. పల్లెల నుంచి వచ్చినవారు నగరవాసుల కంటే ఉత్సాహంగా ఉన్నారు. దక్షిణాది సైనికులు ఉత్తరాది వారికంటే పసిఫిక్ ద్వీపాల ఉక్కను బాగా తట్టుకున్నారు. ఒక్కొక్కటీ చదువుతుంటే ‘అవును మరి, పల్లె మనిషికి కష్టం అలవాటే కదా’ అనిపిస్తుంది. అంతా చదివాక ఆయన అసలు విషయం బయటపెట్టారు: పరిశోధనలో తేలినవి వీటికి సరిగ్గా వ్యతిరేకం. నిజమైన ఫలితాలను ముందే చెప్పి ఉంటే వాటినీ మనం ‘తెలిసిందే’ అనే అనేవాళ్లం. ఏ జవాబుకైనా కారణం అల్లగలిగే నేర్పు మన దగ్గర ఉంది. ఆ నేర్పునే మనం తెలివిడి అని భ్రమపడుతుంటాం.

విద్యార్థులు నన్ను తరచుగా అడిగేది ఇంకొకటి ఉంది. అన్నిటికీ సమాజమే కారణమైతే మనిషికి స్వేచ్ఛ ఎక్కడ, బాధ్యత ఎక్కడ? భాషను చూడండి. మనం పుట్టేసరికే భాష ఉంది. దాని వ్యాకరణం మనలో ఎవరూ నిర్ణయించింది కాదు, ఒక్కరం కూర్చుని మార్చగలిగిందీ కాదు. డర్క్‌హైమ్ కూడా భాషను, చలామణిలో ఉన్న నాణేలను ఉదాహరణగా తీసుకున్నారు. వాటిని వాడి తీరాలని ఎవరూ మెడ మీద కత్తి పెట్టరు, కానీ వాడకుండా బతకలేం. ఆ భాషలోనే నిన్నటిదాకా ఎవరూ అనని వాక్యాన్ని మనం అనగలం. సమాజం మన నోటికి తాళం వేయదు, మాట్లాడటానికి ఒక భాష చేతికిస్తుంది. ఎవరి చేతికి ఎంత ఇచ్చిందన్న దగ్గరే అసలు గొడవంతా ఉంది. జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఇంకో అడుగు వేశారు. మనిషి తన పనికి తాను ఏ అర్థం ఇచ్చుకుంటున్నాడో గ్రహించకపోతే ఆ పనిని వివరించినట్లే కాదన్నారు. అందువల్ల మనం మనుషులను అడగాలి. అయితే ఎలా అడగాలి, చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలి?

దీనికి జవాబు వెబర్ కంటే చాలా ముందే ఇంగ్లండ్‌కు చెందిన హారియెట్ మార్టినో ఇచ్చారు. కామ్టే రచనను 1853లో సంక్షిప్తంగా ఇంగ్లీషులోకి తెచ్చిన రచయిత్రిగా ఆమెను గుర్తుంచుకుంటారు. అంతకు పదిహేనేళ్ల ముందే, 1838లో, ఒక సమాజాన్ని ఎలా పరిశీలించాలో చెబుతూ ఆమె సొంతంగా ఒక పుస్తకం రాశారు. దాని సారాంశం: ముందు వస్తువులను, సంస్థలను, చట్టాలను, జైళ్లను, సమాధులను చూడండి, మనుషులు చెప్పే మాటలను వాటికి వ్యాఖ్యానంగా వాడుకోండి. ఈ వరుసను తలకిందులు చేయవద్దు. మా తరగతి గదుల్లో కామ్టేకు ఇచ్చినంత సమయంలో సగమైనా మార్టినోకు ఇవ్వకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆఫ్రికన్ అమెరికన్ సమాజశాస్త్రవేత్త డబ్ల్యు. ఇ. బి. డుబోయ్ విషయంలో జరిగింది అంతకంటే అన్యాయం. 1896లో ఆయన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి వెళ్లి ఏడో వార్డులోని నల్లజాతి కుటుంబాలను ఇంటింటికీ తిరిగి విచారించారు. ఆ పనికి పిలిచిన విశ్వవిద్యాలయం నామమాత్రపు హోదా ఇచ్చింది తప్ప పాఠాలు చెప్పనివ్వలేదు. పేదరికం, నేరం ఆ జాతి స్వభావంలోనే ఉన్నాయని లోకం నమ్ముతున్న కాలంలో, 1899లో వచ్చిన తన గ్రంథంలో ఆయన ఆ వార్డు జీవితాన్ని బానిసత్వ చరిత్రతో, అద్దెలతో, పనులతో, యజమానుల నిరాకరణతో ముడిపెట్టి చూపించారు. అంత పని చేసిన మనిషిని ఈ శాస్త్రపు పాఠ్యపుస్తకాలు దశాబ్దాల పాటు పక్కన పెట్టాయి. సమాజంలోని వివక్షను చదివే శాస్త్రం తనలోని వివక్షను చూడలేకపోయింది. విద్యార్థులకు ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

యజమానుల నిరాకరణ అన్న ఆ ప్రశ్నను వందేళ్ల తర్వాత సమాజశాస్త్రవేత్త డెవా పేజర్ అమెరికాలోని మిల్వాకీ నగరంలో ప్రయోగంగా మార్చారు. ఇద్దరు తెల్లజాతి యువకులు ఒక జట్టు, ఇద్దరు నల్లజాతి యువకులు మరో జట్టు. చదువు, అనుభవం సమానంగా ఉండేలా దరఖాస్తులు తయారుచేశారు. ప్రతి జట్టులోనూ ఒకరు తనకు మాదకద్రవ్యాల కేసులో జైలుశిక్ష పడిందని చెప్పాలి; ఆ పాత్రను వంతులవారీగా మార్చుకున్నారు. ఇలా 350 ఉద్యోగాలకు దరఖాస్తు చేశారు. 2003లో ఫలితాలు వచ్చాయి. నేరచరిత్ర లేని తెల్లవారికి 34 శాతం, ఉన్న తెల్లవారికి 17 శాతం, లేని నల్లవారికి 14 శాతం, ఉన్న నల్లవారికి 5 శాతం దరఖాస్తులకు యజమానుల నుంచి తిరుగు పిలుపులు వచ్చాయి. రెండో అంకెనూ మూడో అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ తప్పూ చేయని నల్లజాతి యువకుడికి, జైలుకు వెళ్లి వచ్చానని చెప్పిన తెల్లజాతి యువకుడి పాటి అవకాశం కూడా దక్కలేదు.

పేజర్ అక్కడితో ఆగలేదు. కొన్ని నెలల తర్వాత లింకన్ క్విలియన్‌తో కలిసి, అవే సంస్థలకు ఫోను ద్వారా ఒక సర్వే జరిపించారు. ఇలాంటి కేసులో శిక్ష అనుభవించి వచ్చిన యువకుడిని పనిలోకి తీసుకుంటారా అని అడిగితే దాదాపు 60 శాతం మంది తీసుకునే అవకాశం ఉందన్నారు. యువకుడు తెల్లవాడని చెప్పి అడిగినా, నల్లవాడని చెప్పి అడిగినా జవాబుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2005లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, తీసుకుంటామన్నవారు నిజానికి పిలిచింది, కష్టమన్నవారు పిలిచినదానికంటే ఎక్కువేమీ కాదు. వాళ్లంతా అబద్ధమాడారని నేను అనుకోను. చాలామంది తమ జవాబును తామే నమ్మి ఉంటారు. కానీ ఫోనులో అడిగి ఊరుకుని ఉంటే, మిల్వాకీ యజమానులకు రంగుతో పనిలేదని మనం రాసుకునేవాళ్లం.