రాలిన వెంట్రుక కొస చూసి షాంపూ కొనండి

(ఒడిశాలోని రాయగడలో తెలుగు మహిళల సమావేశంలో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, హాస్టల్ నుంచి వచ్చిన ఆడపిల్లలకు నమస్కారం.

ఈ ఊళ్లో నాకు మందుల దుకాణం ఉందని మీలో చాలామందికి తెలుసు. తెలుగులో ‘జుట్టు రాలిపోతోంది’ అన్నా, ఒడియాలో ‘చుటి ఝడుచి’ అన్నా, ఆ వెంటనే వచ్చే మాట ఒక్కటే: మంచి షాంపూ ఏదైనా ఉంటే ఇవ్వండి. ఏళ్ల తరబడి నేనూ అడిగినవాళ్లకు అడిగినట్టు సీసా తీసి ఇచ్చాను.

పోయిన ఏడాది వానలు తగ్గాక ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ప్లాస్టిక్ సంచి తెరిచి, దువ్వెనకు వచ్చిన జుట్టంతా బల్ల మీద పెట్టింది. గుప్పెడు ఉంది. అమ్మాయి తల ఎత్తడం లేదు. మూడు షాంపూలు మార్చారట. అందులో ఒకటి నా దగ్గర కొన్నదే. ఆ జుట్టులోంచి నాలుగు వెంట్రుకలు తీసి, బిల్లు పుస్తకం తిరగేసి నల్ల అట్ట మీద పరిచాను. ప్రతి వెంట్రుకకూ ఒక కొసన ఆవగింజలో పదో వంతు ఉండే తెల్లటి బుడిపె కనిపించింది. ‘రెండు మూడు నెలల కిందట పాపకు జ్వరం ఏమైనా వచ్చిందా?’ అని అడిగాను. తల్లి ఉలిక్కిపడింది. మలేరియా వచ్చి, ఆరు రోజులు ఆసుపత్రిలో ఉందట.

ఆ బుడిపె గురించి చెప్పడానికే ఇవాళ వచ్చాను.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్ల పాటు, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తరువాత రెండు మూడు నెలలు విశ్రాంతిగా ఉండి ఊడిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది వస్తుంది. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. తలస్నానం రోజున ఇంకాస్త ఎక్కువ కనిపిస్తే బెంగ పడకండి. ముందే ఊడిపోయి జడలో చిక్కుకున్నవన్నీ ఆ రోజు బయటికి వస్తాయి.

పెద్ద జ్వరమో, కాన్పో, ఆపరేషనో జరిగినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు ఒక్కసారిగా పెరగడం మానేసి విశ్రాంతిలోకి వెళ్తాయి. అవన్నీ రెండు మూడు నెలల తరువాత మూకుమ్మడిగా ఊడతాయి. ఈ లోగా జ్వరం సంగతి ఇంట్లో అందరూ మరిచిపోతారు. అందుకని నింద అప్పుడు వాడుతున్న షాంపూ మీద పడుతుంది. మలేరియా, టైఫాయిడ్ మన జిల్లాలకు కొత్త కాదు కదా! కుదురు చెడిపోదు గనుక సాధారణంగా ఆరు నెలల్లో ఈ రాలడం తగ్గి, జుట్టు తిరిగి వస్తుంది. బాలింతలకూ ఇదే మాట. బిడ్డకు మూడో నెల వచ్చేసరికి తల్లి జుట్టు రాలుతుంది, బిడ్డ తల్లి ముఖాన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టడం వల్ల రాలుతుందని పెద్దలు చెప్పేది ఆ రోజుల గురించే.

ఇప్పుడు రెండో రకం వెంట్రుక. కొసన బుడిపె ఉండదు, పొడవు కూడా జడంత ఉండదు. అది ఊడింది కాదు, మధ్యలో తెగింది. తడి జుట్టును పళ్లు దగ్గరగా ఉన్న దువ్వెనతో లాగడం, వేడి ఇస్త్రీ, రంగులు, తువ్వాలుతో బలంగా రుద్దడం దీనికి కారణాలు. షాంపూ ప్రకటనల్లో ‘జుట్టు రాలడం తగ్గుతుంది’ అన్న మాట పక్కన ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది చూడండి. సీసా వెనక్కి తిప్పి అదే గుర్తును వెతకండి. చాలా వాటి మీద ‘తెగిపోవడం వల్ల రాలే జుట్టు’ అని చీమ తలకాయంత అక్షరాలతో ఉంటుంది. అబద్ధం కాదు. కండిషనర్ పూత ఉన్న షాంపూతో వెంట్రుకలు జారుడుగా అయి, చిక్కులు తగ్గి, తెగడం తగ్గుతుంది. కానీ బుడిపెతో ఊడే వెంట్రుకకు ఆ మాట వర్తించదు. చదువుకున్న పిల్లలకు కూడా ఈ తేడా తెలియకుండా ఆ అక్షరాలను అంత చిన్నగా అచ్చు వేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వెంట్రుక చర్మం లోపల ఉన్నంత వరకే ప్రాణం ఉన్నది. బయట కనిపించేదంతా గోరులాగే ప్రాణం లేనిది. షాంపూ రెండు నిమిషాలు ఉండి నీళ్లతో పోతుంది. బయోటిన్, ఉల్లిపాయ, కెఫీన్ అని సీసా ముందు ఎంత పెద్దగా రాసినా, రెండు నిమిషాల్లో అవి కుదురుకు చేరి జుట్టు మొలిపిస్తాయని నేను ఎవరికీ మాట ఇవ్వలేను.

అయితే షాంపూ ఎంపికతో పని లేదా? ఉంది. మీ తల చర్మాన్ని బట్టి ఎంచుకోండి. చుండ్రు, దురద, జిడ్డు పొలుసులు ఉంటే కీటోకోనజోల్ 2 శాతం ఉన్నది వారానికి రెండుసార్లు చొప్పున కొన్ని వారాలు వాడవచ్చు. రాసిన వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. కుదుళ్లకు పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. చర్మం మంట తగ్గి, గోకడం తగ్గితే జుట్టుకూ మేలే. పల్చబడిన జుట్టుకు బరువైన నూనెలు, సిలికోన్లు ఎక్కువగా ఉన్నది వాడితే తలకు అంటుకుపోయి, మాడు ఇంకా బయటపడుతుంది. తేలికపాటిది తీసుకుని, కండిషనర్‌ను కొసలకు మాత్రమే రాయండి. ‘వాల్యూమ్’ అని ఉన్నవి వెంట్రుకకు పూత పూసి ఒత్తుగా కనిపించేలా చేస్తాయి, మళ్లీ తలస్నానం చేసేవరకు. పెళ్లికి వెళ్లే రోజున అది చిన్న సంతోషం కాదు.

షాంపూలో నురగ తెప్పించి జిడ్డు తీసే సల్ఫేట్ ఉంటే జుట్టు ఊడుతుందని భయపడేవాళ్లున్నారు. ఎండిన జుట్టు, రంగు వేసిన జుట్టు దానితో ఇంకా గరుకు కావచ్చు గానీ, కుదుళ్లు ఊడవు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఒంటి సబ్బు, బట్టల సబ్బుతో తల రుద్దుకోవడం. సబ్బుకు క్షారగుణం ఎక్కువ. బోరు నీళ్లలో అది విరిగి, తెట్టులా వెంట్రుకలకు పట్టుకుంటుంది, దువ్వితే తెగుతాయి. దానికంటే రూపాయి షాంపూ పొట్లం ఎంతో నయం. కుంకుడుకాయలు, శీకాయ కూడా జిడ్డును బాగానే తీస్తాయి, ఇష్టమైతే మానవద్దు. కొబ్బరినూనె తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుకలోకి ఇంకి, దానిలోని మాంసకృత్తులు కడుక్కుపోకుండా కొంత కాపాడుతుంది. ఈ మాట పరిశోధనల్లో తేలినదే. ఆవనూనె, ఆముదం జుట్టు మొలిపిస్తాయని మాత్రం ఆధారం లేదు.

జ్వరమూ లేదు, కాన్పూ లేదు, అయినా బుడిపెలతో ఊడుతోందంటే రక్తం సంగతి చూసుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 64 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశం మొత్తం మీద అది 57 శాతం. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, ఈ మూడు పరీక్షల గురించి డాక్టరును అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు, ఆ నిల్వను చూపేది ఫెరిటిన్. మునగాకు, తోటకూర నిమ్మరసంతో తినండి, అన్నం తిన్న వెంటనే టీ తాగవద్దు. ఒక హెచ్చరిక: మన వైపు సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే వంశపారంపర్య జబ్బు, ఉన్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్లలో రక్తం తగ్గడానికి కారణం వేరు, కాబట్టి పరీక్ష చేయించకుండా ఇనుము మాత్రలు మింగకూడదు.

పాపిడి ఏటేటా వెడల్పవుతున్నా, మగవాళ్లకు నుదురు వెనక్కి జరుగుతున్నా అది వంశపారంపర్యంగా, హార్మోన్ల వల్ల వచ్చేది. దానికి మినాక్సిడిల్ అనే మందు ఉంది. 1988లో అమెరికాలో మగవాళ్ల కోసం దీనికి అనుమతి ఇచ్చారు. ఫలితం కనిపించడానికి నాలుగు నెలలైనా పడుతుంది, మొదట్లో ఇంకొంచెం రాలవచ్చు, మానేస్తే వచ్చిన జుట్టు పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. నా దగ్గరికి వచ్చి అడిగినా, డాక్టరు చీటీ చూపించండి అంటాను. కోపం తెచ్చుకోకండి.

గుండ్రంగా రూపాయి బిళ్లంత నున్నగా ఊడితే పేనుకొరుకుడు అంటాం. పేనుకూ దానికీ సంబంధం లేదు. పిల్లల తలలో పొలుసులు, చీము ఉంటే తామర కావచ్చు. ఈ రెండింటికీ షాంపూ కోసం రావద్దు. కొరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి, బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి, చర్మ వైద్యులకు చూపించండి.

ఆ అమ్మాయికి నేను ఏమీ అమ్మలేదు. రక్త పరీక్షకు పంపాను. సంక్రాంతి తరువాత మళ్లీ వచ్చినప్పుడు నుదుటి అంచున వేలెడంత పొడవు కూడా లేని కొత్త వెంట్రుకలు నిక్కపొడుచుకుని ఉన్నాయి. వాటిని అణచడానికి క్లిప్పు కొనాలని వచ్చిందట.

ఇంట్లో వాడుతున్న సీసాలు తెమ్మని ముందే చెప్పాను, కొందరు తెచ్చారు. ముందు వరుసలోని అమ్మగారూ, మీ చేతిలోది ఇటు ఇవ్వండి. వెనక చీటీ మీద ఏముందో అందరం కలిసి చదువుదాం.