మామయ్యగారి క్యాసెట్లకి ఒక సర్వర్, మా పాటలకి ఇంకొకటి

అందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో, మా ఎడిసన్‌లో ఇవాళ పొద్దుట్నుంచీ ఒకటే వాన. బయట పనేమీ లేదు కాబట్టి, మా ఇంట్లో పాటల సర్వర్లు రెండెందుకున్నాయో ఇవాళ చూపిస్తాను. రండి, బేస్‌మెంట్‌లోకి వెళ్దాం.

ఇదిగో, ఈ షెల్ఫ్ మీద రెండు రాస్‌ప్‌బెర్రీ పైలు, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు. రెండింట్లోనూ లిరియాన్ మ్యూజిక్ సర్వర్ నడుస్తోంది, ఇంట్లోని ప్లేయర్లకి పాటలు పంపే సాఫ్ట్‌వేర్ ఇది. దీని పాత పేరు స్లిమ్‌సర్వర్ అంటే పాతకాపులకి వెంటనే గుర్తొస్తుంది. మా వంటింట్లో ఉన్న పాత స్క్వీజ్‌బాక్స్ రేడియోకి పాటలు ఇక్కణ్ణుంచే వెళ్తాయి. ఆ పెట్టెల తయారీ 2012లోనే ఆగింది, వాటి ఆన్‌లైన్ సేవ కూడా 2024లో మూతపడింది. ఇంట్లో సొంత సర్వర్ ఉంది కాబట్టి మాది మాత్రం ఇంకా చక్కగా పాడుతోంది.

ఎడమవైపు సర్వర్ మా మామయ్యగారిది. ఆయన తెనాలిలో ఏళ్ల తరబడి విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని వింటూ, నచ్చినవి టేపు మీదకి ఎక్కించుకునేవారు. అలా 63 క్యాసెట్లు. ప్రతిదానికీ నంబరు, ఒక నోటుపుస్తకంలో ఏ వైపు ఏముందో పచ్చసిరాతో వరసగా రాత. ఆయన పోయాక నేనే అవి ఇక్కడికి తెచ్చాను. క్యాసెట్‌ని తొందరపెట్టడం కుదరదండీ, గంట టేపుకి గంట కూర్చోవాల్సిందే. రెండు చలికాలాల వారాంతాలు అలాగే గడిచాయి. మొత్తం ఫ్లాక్‌లో, అంటే నాణ్యత తగ్గకుండా దాచే ఫైళ్లలో, సుమారు 20 జీబీ అయింది.

ట్యాగులు, అంటే ఫైల్లోనే ఉండే పాట వివరాలు, రాసేటప్పుడు ఆల్బమ్ పేరు దగ్గర ఏం పెట్టాలో తేలక రెండు రోజులు ఆగాను. చివరికి ఆయన నోటుపుస్తకం నంబరే పెట్టేశాను. ఇప్పుడు అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు కదా, కూరలు తరుగుతూ "అమ్మాయ్, నలభై ఒకటి రెండోవైపు పెట్టమ్మా" అంటారు. నేను ఫోన్‌లో 41 కొడతాను, వచ్చేస్తుంది. ఇంతకంటే మంచి వర్గీకరణ నాకు తెలీదు.

కుడివైపుది మాది. సినిమా పాటలు, పిల్లలవి, మేం పెళ్లయిన కొత్తలో కొన్న సీడీలు, పాత ఎంపీ3లు. ఇందులో సర్దాల్సింది ఇంకా చాలా ఉంది. ఒక ఫైల్లో ఘంటసాల, ఇంకోదాంట్లో ఘంటసాల వెంకటేశ్వరరావు, మరోదాంట్లో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక హెచ్ లేకుండా. మనకి ఒక్కరే, సర్వర్‌కి మాత్రం ముగ్గురు గాయకులు.

ఒకే సర్వర్‌లో లైబ్రరీని భాగాలుగా విడగొట్టుకునే వీలుంది, నిజమే. కానీ కొత్త వెర్షన్ వచ్చినా, కొత్త ప్లగిన్ కనిపించినా వేసి చూడకుండా ఉండలేను. ఆ ప్రయోగాలన్నీ నా సర్వర్ మీదే. అత్తయ్యగారు వినే సర్వర్ దానివల్ల ఒక్క పూట కూడా ఆగకూడదు. అందుకే వేరు చేశాను.

రెండు సర్వర్లు పెట్టుకునేవాళ్లు ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒక ప్లేయర్ ఒక సమయంలో ఒక్క సర్వర్ మాటే వింటుంది. అలారాలు, ఫేవరెట్లు, క్యూలో ఉన్న పాటలు అన్నీ సర్వర్ దగ్గరే ఉంటాయి, ప్లేయర్‌లో కాదు. హాలు ఒక సర్వర్‌కి, వంటిల్లు ఇంకో సర్వర్‌కి తగిలి ఉంటే రెండు గదుల్లో ఒకే పాట కలిపి వినడం కూడా కుదరదు.

ఇది నాకు జూలైలో తెలిసొచ్చింది. ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయి, తెల్లవారుజామున వచ్చింది. పూజగదిలో 5:30కి మోగాల్సిన సుప్రభాతం మోగలేదు. నేను కిందికి వచ్చేసరికి అత్తయ్యగారు దీపం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "ఇవాళ పాట రాలేదేమ్మా" అన్నారు, అంతే. నాకు ప్రాణం ఉసూరుమంది.

జరిగిందేంటంటే, ప్లేయర్‌కి ఫలానా సర్వర్ అని చెప్పకపోతే అది లేవగానే "ఎవరైనా ఉన్నారా" అని నెట్‌వర్క్ అంతా కేకేస్తుంది. ముందు పలికిన సర్వర్‌కి తగులుకుంటుంది. మామయ్యగారి సర్వర్‌కి ఉన్నది పాత హార్డ్‌డిస్క్, మెల్లగా లేస్తుంది. నాది ఎస్ఎస్‌డీ, ముందు పలికింది. పూజగది ప్లేయర్ నా సర్వర్‌కి వచ్చేసింది, అలారమేమో అక్కడ ఉండిపోయింది.

ఆ రోజే సరిచేశాను. రౌటర్‌లో రెండు సర్వర్లకీ మారని ఐపీ అడ్రసులు ఇచ్చాను. పూజగది ప్లేయర్‌లో నడిచేది స్క్వీజ్‌లైట్ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్. దానికి మైనస్ ఎస్ (-s) అనే ఆప్షన్ పెట్టి సర్వర్ అడ్రస్ ఇస్తే ఇంకెవరి వైపూ చూడదు, ఆ సర్వర్ లేచేదాకా ఆగుతుంది. ఇంకోటి, నేను ఒక ఎస్‌డీ కార్డుని కాపీ చేసి రెండోది తయారుచేశాను కాబట్టి రెండు సర్వర్లకీ ఒకే పేరు ఉండేది. ఫోన్‌లో ఏది ఏదో తెలిసేది కాదు. ఇప్పుడు ఒకటి "తెనాలి", ఇంకోటి "ఎడిసన్".

వచ్చే నెల అత్తయ్యగారు ఊరికి వెళ్తున్నారు. ఆవిడతో పాటు ఈ మూడో పై కూడా వెళ్తోంది. 64 జీబీ కార్డులో క్యాసెట్లన్నీ ఎక్కించాను. సర్వర్, ప్లేయర్ రెండూ ఇందులోనే, అక్కడ నెట్ పోయినా పాట ఆగదు. నేను ఇక్కడ ట్యాగులు సరిచేస్తే, టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ మీదుగా, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ రాత్రిపూట వాటిని అక్కడికి చేరవేస్తుంది. చెరిపే ఆప్షన్ మాత్రం పెట్టలేదు. నా చేతిలో ఒక ఫైలు పొరపాటున పోతే అక్కడ కూడా పోకూడదు.

ఒక్కటే మిగిలింది, టైమ్ జోన్. ఇక్కడి గడియారంతోనే పంపిస్తే పొద్దున 5:30 సుప్రభాతం తెనాలిలో మధ్యాహ్నం మూడింటికి మోగుతుంది. ఇదిగో, ఆసియా, కోల్‌కతా అని మార్చాను. ఇప్పుడు తెనాలిలో రాత్రి పదకొండు దాటింది, దీంట్లోనూ అదే చూపిస్తోంది. అత్తయ్యగారూ, ఏ క్యాసెట్ పెట్టి చూడమంటారు?

"పన్నెండు, మొదటివైపు."