చేయి ముందు, ఆలోచన వెనుక: ఇంటర్నెట్ వ్యసనంలో బ్రేకు ఎక్కడ పడదు?

[దృశ్యం: బల్ల మీద తెరిచిన పుస్తకం, పక్కన ఫోన్. తెర వెలగగానే చేయి దాన్ని అందుకుంటుంది.]

ఈ చేతిని చూడండి. తీద్దామా వద్దా అన్న ప్రశ్నే రాలేదు. ఫోన్ తెరిచాక వచ్చింది: "అరె, మళ్లీ తీశానే!" ఇంటర్నెట్ వ్యసనం గురించి మాట్లాడేటప్పుడు గంటల లెక్క కంటే ముందు పట్టుకోవాల్సింది ఆలస్యంగా వచ్చిన ఈ ఆలోచననే.

ఇలా ఆలోచన రాకముందే చేసేయడాన్ని ఇంపల్సివిటీ అంటారు, మన మాటలో దుడుకుతనం. దీన్ని కొలవడానికి బాగా వాడే బారట్ స్కేలులో 30 ప్రశ్నలుంటాయి. దుడుకుతనాన్ని అది మూడుగా విడదీస్తుంది: మనసు ఒకచోట నిలవకపోవడం, ఆలోచించకుండా చేసేయడం, ముందుచూపు లేకపోవడం. పొద్దున్నే పరీక్ష ఉందని తెలిసీ "ఇంకొక్క వీడియో" అనుకోవడం మూడోది.

[దృశ్యం: ఖాళీ తెర. ఆకుపచ్చ చుక్కలు వరసగా, మధ్యలో ఒక ఎర్ర చుక్క.]

ప్రయోగశాలలో పరీక్ష ఇలా ఉంటుంది. ఆకుపచ్చ వస్తే బటన్ నొక్కాలి, ఎరుపు వస్తే ఆగాలి. ఎక్కువగా ఆకుపచ్చే వస్తుంది కాబట్టి వేలు నొక్కడానికి అలవాటు పడుతుంది. ఎరుపు రాగానే ఆ ఊపును ఆపాలి, అసలు కష్టం అక్కడే. ఇంటర్నెట్ వ్యసనం ఉన్నవాళ్లు ఎరుపు దగ్గర ఎక్కువ తప్పులు చేసినట్టు చాలా అధ్యయనాల్లో కనబడింది, అన్నిట్లో కాదు. దుడుకుతనం వల్ల వ్యసనం వచ్చిందా, వ్యసనం వల్ల దుడుకుతనం పెరిగిందా అన్నది ఒక్కసారి కొలిచి తేల్చలేం. అందుకే "నీ బుద్ధే అంత" అని ఎవరినీ అనకండి. పైగా ఆ బ్రేకు వేసే మెదడు ముందుభాగం ఇరవైల మధ్య వరకూ ఎదుగుతూనే ఉంటుంది.

[దృశ్యం: కాగితం మీద "రేపటి నుంచి ఫోన్ ముట్టను" అని రాసి, కొట్టివేత.]

ఈ తీర్మానం ఎందుకు నిలవదు? ఎప్పుడు, ఎక్కడ, బదులుగా ఏం చేయాలో అందులో లేదు. మనస్తత్వవేత్త పీటర్ గాల్విట్జర్ 1999లో వివరించిన పద్ధతి "అలా అయితే ఇలా" అని ముందే రాసుకోవడం. "మంచం ఎక్కే ముందు ఫోన్‌ను పక్కగదిలో ఛార్జింగ్‌కి పెడతాను." "తీయను" అని కాదు, చేసే పని రాయాలి. మొదట ఒక్కటే రాయండి. అలారానికి విడిగా గడియారం పెట్టుకోండి, లేకపోతే ఆ సాకుతోనే ఫోన్ మళ్లీ తలగడ దగ్గరికి చేరుతుంది.

తర్వాత దారిలో అడ్డంకులు పెట్టండి. కాల్స్ తప్ప మిగతా నోటిఫికేషన్లు ఆపేయండి. వాడిన ప్రతిసారీ యాప్ నుంచి లాగౌట్ అవ్వండి, పాస్‌వర్డ్ ఫోన్‌లో సేవ్ చేయకండి. టైమ్ లిమిట్ పెట్టుకున్నవాళ్లు సాధారణంగా దెబ్బతినేది ఒకచోట: సమయం అయిపోగానే "ఇంకో 15 నిమిషాలు" అనే బటన్ వస్తుంది, నాలుగు రోజుల్లో వేలు దాన్నీ చూడకుండానే నొక్కేస్తుంది. ఆ లిమిట్ దాటనివ్వని లాక్ కోడ్‌ను ఇంట్లో నమ్మకస్తులతో పెట్టించండి.

అయినా కోరిక వస్తుంది. దాంతో కుస్తీ పట్టకుండా గడియారం చూసి పది నిమిషాలు ఆగండి. వేళ్లలో దురదగా ఉందా, గుండెల్లో గుబులుగా ఉందా గమనించండి. అది పెరుగుతుంది, శిఖరానికి చేరుతుంది, తగ్గుతుంది. మనస్తత్వవేత్త అలెన్ మార్లట్ దీన్ని అల మీద తేలడంతో పోల్చారు. ఒకరోజు తప్పితే "ఎలాగూ పోయింది" అని రాత్రంతా కూర్చోకండి. టైమ్, చోటు, అంతకుముందు మనసెలా ఉందో రాయండి. వారంలో ఏదో ఒక వేళ పదేపదే కనబడితే, తర్వాతి "అలా అయితే ఇలా" దానికే రాయాలి.

[దృశ్యం: డాక్టర్ ఎదుట కూర్చున్న యువకుడు.]

2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో గేమింగ్ వ్యసనం ఉంది. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం సాధారణంగా 12 నెలలు సాగితే ఆ నిర్ధారణ చేస్తారు. చదువు, నిద్ర, ఉద్యోగం దెబ్బతింటుంటే అంతకాలం ఆగకుండా డాక్టర్ని కలవండి. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, దుడుకుతనం కనిపించే సమస్య) గానీ, డిప్రెషన్ గానీ ఉందేమో చూడమని అడగండి. అవి ఉంటే వాటికీ చికిత్స కావాలి, ఫోన్‌కి తాళం ఒక్కటే సరిపోదు.