ఎర్ర లైటు బ్యాటరీది కాదు: పాత అంబాసిడర్‌లో చార్జింగ్ లైటు కథ

[డ్యాష్‌బోర్డు క్లోజప్. తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలుగుతుంది.]

ఈ లైటు బండి నడుస్తుండగా వెలిగిందంటే చాలు, మనవాళ్లు నేరుగా బ్యాటరీ షాపుకి పోతారు. కొత్త బ్యాటరీ వేయిస్తారు. నాలుగు రోజులు బండి బాగానే తిరుగుతుంది, ఐదో రోజు పొద్దున సెల్ఫ్ తిరగదు. పోయిన నెల ఒకాయన ఇలాగే ఏడాదిలో మూడో బ్యాటరీ వేయించి నా దగ్గరికి వచ్చారు. ఆ బండిలో పోయిందల్లా ఒక తీగ చివర. పచ్చగా చిలుము పట్టి ఉంది, అంతే. మూడు బ్యాటరీల డబ్బు! అప్పట్నుంచి నాకు మనసులో కుదురు లేదు, అందుకే ఈ వీడియో.

నా ముందున్నది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, డైనమో (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) ఉన్న అంబాసిడర్. కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014లోనే తయారీ ఆగిపోయింది కానీ మన ఊళ్లలో వీటిని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. డైనమో ఉన్న ఏ పాత బండిలోనైనా లైటు పనిచేసే తీరు ఇదే. వైర్ల రంగులు, పేర్లు మారొచ్చు.

[బల్బు హోల్డర్ వెనక వైపు క్లోజప్. రెండు తీగలు.]

ఇది చూడండి. బల్బుకి రెండు తీగలు. ఒకటి ఇగ్నిషన్ స్విచ్ నుంచి, అంటే బ్యాటరీ వైపు నుంచి వచ్చింది. రెండోది డైనమో మీద డి అని రాసి ఉండే టెర్మినల్ నుంచి, కటౌట్ అనే పెట్టె మీదుగా వచ్చింది. ఈ బల్బుకి సొంత ఎర్త్, అంటే బండి బాడీకి కలిసే తీగ, లేదు. మొత్తం కిటుకు ఇందులోనే ఉంది.

మన గొలుసుకట్టు చెరువులు గుర్తు తెచ్చుకోండి. రెండు చెరువులు, మధ్యలో చిన్న తూము. ఒకటి బ్యాటరీ చెరువు, రెండోది డైనమో చెరువు. తూములో చిన్న చక్రం పెట్టామనుకోండి, అదే మన బల్బు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు డైనమో చెరువు ఎండిపోయి ఉంటుంది. తాళం తిప్పగానే బ్యాటరీ చెరువు నీళ్లు తూములోంచి అటు పారతాయి, చక్రం తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేశాక వాగు వచ్చి డైనమో చెరువు నిండుతుంది. రెండు మట్టాలూ సమానమయ్యాయా, తూములో నీళ్లు కదలవు. చక్రం ఆగింది, లైటు ఆరింది.

ఆ రెండు చెరువుల మధ్య పెద్ద కాలువ కూడా ఉంది. దాని తలుపే కటౌట్. డైనమో వైపు మట్టం పెరిగితేనే తెరుచుకుంటుంది, తగ్గగానే మూసుకుంటుంది. లేకపోతే బ్యాటరీ నీళ్లన్నీ వెనక్కి పోతాయి. అదే పెట్టెలో రెగ్యులేటర్ కూడా ఉంటుంది, అది అలుగు లాంటిది, మట్టాన్ని హద్దు దాటనివ్వదు. అలుగు నీటిని బయటకు పారిస్తుంది, రెగ్యులేటర్ మాత్రం పైనుంచి వచ్చే వాగునే తగ్గిస్తుంది. తేడా అంతే.

ఇప్పుడు అసలు విషయం. చక్రం ఆగిందంటే రెండు చెరువులూ నిండాయని కాదు, సమానంగా ఉన్నాయని మాత్రమే. రెండూ సగమే ఉన్నా చక్రం ఆగే ఉంటుంది! రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని మెల్లగా పోతున్నప్పుడు లైటు ఆరిపోయే ఉంటుంది, బ్యాటరీకి మాత్రం చుక్క ఎక్కదు. లైటు ఆరింది కదా, చార్జింగ్ బాగుంది అనుకోకండి. వోల్టులు కొలిచే మీటరు పెట్టండి. మీటరు ఖరీదు బ్యాటరీ ఖరీదులో ఎన్నో వంతో మీకే తెలుసు.

[మల్టీమీటర్ బ్యాటరీ మీద.]

రాత్రంతా ఆగిన బండి, 12.6 వోల్టులు. బ్యాటరీ నిండుగా ఉంది. ఇది 12.2 దగ్గర ఉంటే సగమే ఉన్నట్టు, ముందు బయట చార్జింగ్ పెట్టించి తర్వాత వెతకండి.

లైటు ఎలా వెలుగుతోందో చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఆడుతున్నప్పుడు, మినుకుమినుకుమంటూ, తొక్కగానే ఆరితే అది జబ్బు కాదు. డైనమో స్లోలో సరిగా ఇవ్వదు, దాని స్వభావం అది. దీనికోసం స్లో పెంచి తిప్పుతున్నవాళ్లని చూశాను, పెట్రోలు దండగ.

నడుస్తున్నప్పుడు మసక మసకగా వెలుగుతోందా? పెద్ద కాలువలో పూడిక పడింది. డైనమో పోస్తోంది, కానీ నీళ్లు అటు చేరడం లేదు, రెండు మట్టాలకీ కొద్దిగా తేడా. పూడిక అంటే చిలుము, వదులైన నట్టు, కాలిన టెర్మినల్. నేను చెప్పిన ఆ మూడు బ్యాటరీల బండి ఇదే.

ఒక్కసారిగా పూర్తిగా వెలిగిందా? వెంటనే పక్కకి ఆపండి. ఈ ఇంజిన్‌లో డైనమోని తిప్పే బెల్టే వాటర్ పంపునీ ఫ్యాన్‌నీ తిప్పుతుంది. బెల్టు తెగితే చార్జింగ్ పోవడం చిన్న సంగతి, కాసేపట్లో ఇంజిన్ మరిగిపోతుంది. ఊరు దగ్గరే కదా, పోనిద్దాం అనుకుని హెడ్ గాస్కెట్ పోగొట్టుకున్న మా మామయ్యని ఇప్పటికీ తలుచుకుంటాను. బెల్టు ఉంటే, పొడుగు భాగం మధ్యలో బొటనవేలితో నొక్కండి. అర అంగుళం దిగాలి. అంతకంటే దిగితే జారుతోందన్నమాట.

[డైనమో దగ్గరికి. చేతిలో చిన్న తీగ ముక్క.]

బెల్టు బాగుంది, లైటు ఆరదు. అప్పుడు డైనమోని ఒంటరిగా అడుగుదాం. డైనమో మీది డి, ఎఫ్ (ఎఫ్ అంటే ఫీల్డ్) టెర్మినళ్ల నుంచి రెండు తీగలూ పీకేయండి. ఈ రెండు టెర్మినళ్లని చిన్న తీగతో కలపండి. మీటరు ఒక కొన అక్కడ, రెండోది డైనమో బాడీకి. పాత బ్రిటిష్ డిజైన్ బండ్లు చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిసి ఉండేది, మీ బండి ఏదో ముందు చూసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి నెమ్మదిగా పెంచాలి. వెయ్యి ఆర్‌పీఎమ్ చాలు. ఇదిగో, 8... 12... 16. ఆపేశాను. 20 దాటనివ్వకూడదు, ఇప్పుడు దీన్ని అదుపు చేసే రెగ్యులేటర్ లేదు.

ఇలా గబగబా ఎక్కితే డైనమో బాగున్నట్టే. అస్సలు కదలకపోతే, తిరిగే భాగం మీద ఆని ఉండే కార్బన్ బ్రష్‌లు చూడండి. ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్ (లోపల అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) మీద అనుమానం. 5, 6 దగ్గర ఆగితే ఆర్మేచర్, అంటే లోపల తిరిగే భాగం. బ్రష్‌లు తీసినప్పుడు కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి భాగం) నల్లగా, జిడ్డుగా ఉంటే పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడవండి. దయచేసి ఎమరీ రుద్దకండి, ఆ పొడి రాగిలో ఇరుక్కుని బ్రష్‌ని తినేస్తుంది. సన్నటి గాజు కాగితం వాడండి. వెనక బుష్‌కి నూనె కూడా రెండు మూడు చుక్కలే. ఎక్కువ పోస్తే ఈ జిడ్డు అక్కణ్నుంచే వస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. డైనమో బాగుంటే తీగలు తిరిగి పెట్టి కటౌట్ దగ్గరికి రండి. అక్కడ 'E' అని రాసి ఉండే ఎర్త్ టెర్మినల్ శుభ్రం చేయండి, చాలా బండ్లలో రోగం అక్కడే. ఇంజిన్ నుంచి బాడీకి ఉండే ఎర్త్ పట్టీ కూడా. తాళం తిప్పినా లైటు అసలు వెలగకపోతే బల్బు మార్చండి, వదిలేయకండి. డైనమో బదులు ఆల్టర్నేటర్ ఉన్న బండ్లలో అది మరీ ముఖ్యం, ఈ బల్బు ద్వారానే మొదటి కరెంటు ఆల్టర్నేటర్‌కి అందుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, 'బండి ఆగలేదు, చార్జింగ్ ఉంది' అని చూపించే పద్ధతి ఉంది కదా, మీ బండి మీద ఎవరినీ అది చేయనివ్వకండి. ఆల్టర్నేటర్ ఉన్న బండైతే దాని డయోడ్‌లు ఒక్క క్షణంలో పోవచ్చు.

ఇంకొక్కటి. తాళం తీసేశాక కూడా లైటు వెలుగుతూనే ఉంటే కటౌట్ పాయింట్లు అతుక్కున్నాయి. తలుపు మూసుకోలేదు, బ్యాటరీ చెరువు మొత్తం వెనక్కి పారుతోంది. డైనమో వేడెక్కిపోతుంది. ముందు బ్యాటరీ తీగ తీసేయండి, మెకానిక్‌కి ఫోన్ తర్వాత చేయొచ్చు.

[స్టార్ట్. స్లోలో లైటు మినుకుమంటుంది.]

యాక్సిలరేటర్ కొద్దిగా... ఆరింది. మీటరు కూడా చూపించు తమ్ముడూ. 13.9.