సీటు వదలని సెనేటర్: ఆండ్రూ జాన్సన్‌పై చర్చ

యాంకర్: నమస్కారం. 1860-61లో అమెరికా దక్షిణాదిలో 11 రాష్ట్రాలు బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని దేశం నుంచి విడిపోయాయి. ఆ రాష్ట్రాల సెనేటర్లు ఒక్కొక్కరే వాషింగ్టన్ వదిలి వెళ్లిపోయారు. టెన్నెసీ సెనేటర్ ఆండ్రూ జాన్సన్ మాత్రం కదల్లేదు. ఎందుకు మేడమ్?

చరిత్ర అధ్యాపకురాలు: ఆయన ఊరు గ్రీన్‌విల్. తూర్పు టెన్నెసీ కొండల్లో ఉంటుంది. అక్కడంతా చిన్న రైతులే. జాన్సన్ అక్కడ దర్జీ పని చేసుకుని బతికారు. బడి మొహం చూడలేదు, భార్య ఎలైజా దగ్గర కూర్చుని రాత నేర్చుకున్నారు. పత్తి తోటల దొరలంటే ఆయనకు మొదటినుంచీ మంట. 1861 జూన్ ఓటింగులో రాష్ట్రం విడిపోదామంది, తూర్పు టెన్నెసీ మాత్రం రెండింతలకు పైగా ఓట్లతో వద్దంది.

సీనియర్ జర్నలిస్టు: ఆ ఏప్రిల్‌లో ఆయన రైల్లో ఇంటికి వెళ్తున్నారండీ. వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో, విడిపోవాలనే వాళ్ల గుంపు పెట్టెలోకి ఎక్కేసింది. ఒకడు ఏకంగా ముక్కు పట్టుకుని లాగాడు. ఆయన పిస్తోలు తీసి నిలబడ్డారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు టెన్షనే. జూన్‌లో కంబర్లాండ్ కనుమ దాటి సొంత రాష్ట్రం నుంచే పారిపోవాల్సి వచ్చింది.

యాంకర్: మరి ఇంట్లోవాళ్లు?

అధ్యాపకురాలు: ఎలైజాకు క్షయ. ఆ మనిషిని 1862లో విడిపోయిన పక్షం అధికారులు ఊరు ఖాళీ చేసి పొమ్మన్నారు. అల్లుడు డేనియల్ స్టోవర్ ఆ పక్షం వాడుకునే రైలు వంతెనలు తగలబెట్టిన దళంలో ఉన్నాడు, కొండల్లో తలదాచుకున్నాడు. ఆ కుటుంబం పడ్డ కష్టం తక్కువది కాదు.

యాంకర్: అంటే పూర్తిగా మెచ్చుకోవాల్సిన నాయకుడేనా?

అధ్యాపకురాలు: అక్కడ నేను ఒప్పుకోనండీ. ఆయనకూ బానిసలుండేవారు. కేంద్ర సైన్యం టెన్నెసీలోకి వచ్చాక, 1862 నుంచి ఆ రాష్ట్రానికి సైనిక గవర్నర్. 1864 అక్టోబర్‌లో ఒక రాత్రి నాష్‌విల్‌లో నల్లజాతి వాళ్లు కాగడాలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చారు. మీకు మోజెస్‌ను, అంటే బైబిల్లో తన జనాన్ని బానిసత్వం నుంచి నడిపించిన నాయకుణ్ని, నేనే అవుతానని జాన్సన్ వాళ్లకు మాటిచ్చారు. 1865లో ఉపాధ్యక్షుడిగా ఉండగా, అధ్యక్షుడు లింకన్ హత్య తర్వాత ఆయన స్థానంలో అధ్యక్షుడయ్యారు. 1866లో అదే జనానికి పౌరహక్కులిచ్చే బిల్లు వస్తే వీటో చేశారు! దేశాన్ని ముక్కలు కానివ్వనన్నారు, ఆ దేశంలో వీళ్లకు సమాన చోటు మాత్రం ఇవ్వలేకపోయారు. కాంగ్రెస్ ఆ వీటోను తోసేసి చట్టం చేసింది.

జర్నలిస్టు: కాదనను మేడమ్. 1868 అభిశంసనలో ఒక్క ఓటు తేడాతో బయటపడ్డారు. 1875లో మళ్లీ సెనేటరయ్యారు, ఆ ఏడే చనిపోయారు. జెండా చుట్టి, తల కింద రాజ్యాంగం ప్రతి పెట్టి గ్రీన్‌విల్‌లో పాతిపెట్టారు.

అధ్యాపకురాలు: నాకైతే ఆ కాగడాల వాళ్లే గుర్తొస్తారు సార్. ఆ మాట నమ్మి ఇళ్లకు వెళ్లారు.