పేపర్ ప్లేటులో పేపర్ ఎంత?

(క్లోజప్: బల్ల మీద పేపర్ ప్లేటు. రెండు చేతులు దాన్ని చింపుతుంటాయి.)

షాపులో దీన్ని పేపర్ ప్లేటు అనే అమ్మారు. అంచు పట్టుకుని మెల్లగా చింపుతున్నా, చూడండి. అట్ట చిరిగింది. పైనున్న మెరిసే పొర మాత్రం చిరగకుండా సాగుతోంది. అది ప్లాస్టిక్. పులుసు కిందకి కారకుండా ఆపేది అదే, ప్లేటు మట్టిలో కలవకుండా ఆపేదీ అదే.

(కెమెరా ముందుకి)

నమస్తే. చెత్త తక్కువగా పెళ్లి చేయడం గురించి ఈ వీడియో. చాలామంది డెకరేషన్‌తో మొదలుపెడతారు, నేను భోజనాలతో మొదలుపెడతా. మా చెల్లి పెళ్లి మర్నాడు ఫంక్షన్ హాలు వెనక్కి వెళ్తే, చెత్త గుట్టలో పూలు ఏ మూలనో ఉన్నాయి. కనిపించినవన్నీ ఇలాంటి ప్లేట్లు, సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాలు.

2022 జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, డెకరేషన్ థర్మోకోల్ నిషేధం. శుభలేఖ మీద చుట్టే ప్లాస్టిక్ కవరు కూడా అందులోనే ఉంది. నీళ్ల సీసా మాత్రం ఆ జాబితాలో లేదు. 500 మంది, రెండు పూటలు, మనిషికొక సీసా. అక్కడికే 1000.

అందుకే క్యాటరింగ్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే తేల్చుకోండి: స్టీలు గ్లాసులు, జగ్గులతో నీళ్లు పోసే మనుషులు, కడిగేవాళ్ల కూలి. సిద్దిపేట జిల్లాలో మహిళా సంఘాలు స్టీల్ బ్యాంకులు నడుపుతున్నాయి. ఫంక్షన్లకి ప్లేట్లు, గ్లాసులు అద్దెకిస్తారు. మీ ఊళ్లో అలాంటిది లేకపోతే సామాన్లు అద్దెకిచ్చే షాపు ఉండనే ఉంటుంది.

(క్లోజప్: అడ్డాకు విస్తరి. వేలు కుట్టు వెంబడి కదులుతుంది.)

విస్తరికైతే అరటాకు, మోదుగాకు, లేదా ఇది, అడ్డాకు. పాడేరు వైపు గిరిజనులు అడవి నుంచి తెచ్చి పుల్లలతో కుడతారు. కొనేటప్పుడు తిరగేసి చూడండి. పైన ఆకు, అడుగున ప్లాస్టిక్ షీటు అంటించినవి కూడా అమ్ముతున్నారు.

డెకరేషన్ సంగతి రెండు ముక్కల్లో: బంతి, చామంతి, మామిడి తోరణాలు, కొబ్బరాకుల పందిరి. పూలు గుచ్చే ఆ పచ్చ స్పాంజి వద్దనండి, అదీ ప్లాస్టిక్ రకమే.

అసలు తంటా ఎంగిలాకులు ఎత్తేటప్పుడు వస్తుంది. బల్ల మీద పరిచిన షీటుతో సహా అన్నం, ఆకులు, సీసాలు కలిపి చుట్టేస్తారు. ఇక దాన్ని ఎవరూ విడదీయలేరు. తిండి వాసనకి ఆవులు ప్లాస్టిక్ కూడా నమిలేస్తాయి. షీటు పరవద్దని చెప్పి, రెండు డ్రమ్ములు పెట్టండి: ఆకులు, అన్నం ఒకదాంట్లో, మిగతావి ఇంకోదాంట్లో. పక్కన ఒక మనిషి నిలబడాలి, లేకపోతే గంటలో రెండూ ఒకటైపోతాయి. మా తమ్ముడి పెళ్లికి ఆ డ్యూటీ చిన్న మామయ్యకి వేశాం. ప్రతిదానికీ వంకలు పెట్టే మనిషి, ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా తప్పించుకోలేదు.

ఆ పెళ్లిలోనే పెదనాన్న ఆకు ముందు కూర్చుని, "సీసాలు పెట్టలేదేంట్రా, నామోషీగా?" అన్నారు.

"లేవు పెదనాన్నా, ఎన్నిసార్లంటే అన్నిసార్లు పోస్తా" అన్నాను.

స్టీలు గ్లాసు ముందుకి జరిపి, "అయితే ముందు మజ్జిగ పొయ్యి" అన్నారు.