గ్యారేజ్ తలుపు కూడా వీధి తలుపే

అందరికీ నమస్కారం.

మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద తలుపు ఏదని అడిగితే చాలామంది వీధి తలుపు అనేస్తారు. గ్యారేజ్ ఉన్న ఇంట్లో ఆ జవాబు తప్పు. రెండు కార్లు పట్టే గ్యారేజ్ తలుపు దాదాపు 16 అడుగుల వెడల్పు ఉంటుంది. వీధి తలుపుకి మంచి తాళం వేస్తాం, లోపల గడియ పెడతాం, బయట కెమెరా బిగిస్తాం. ఈ పెద్ద తలుపుని మాత్రం అరచేతిలో ఇమిడే ఒక బటన్‌కి అప్పగించి పడుకుంటాం. నేను ఈ తలుపులు బిగించే, రిపేర్ చేసే పనిలో ఉన్నాను. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. రిమోట్ అంటే ఇంటి తాళంచెవి. దాన్ని తాళంచెవిలాగే చూసుకోవాలి.

ముందు కారు దగ్గర మొదలుపెడతాను. ఇంటి తాళంచెవిని బయట ఆపిన కారులో, అద్దంలోంచి కనబడేలా ఎవరైనా వదిలేస్తారా? రిమోట్‌ని మాత్రం సన్ వైజర్‌కి క్లిప్పు పెట్టి ఏళ్ల తరబడి అక్కడే ఉంచేస్తాం. దొంగకి కారు అద్దం పగలగొట్టడం క్షణాల పని. రిమోట్ నొక్కాడా, తలుపు ఏ అడ్డూ లేకుండా మర్యాదగా తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లి మళ్లీ దించేశాడంటే వీధిలో వెళ్లేవాళ్లకి ఏమీ కనబడదు. ఆ తర్వాత ఇంట్లోకి వెళ్లే తలుపుని తీరిగ్గా పగలగొట్టుకోవచ్చు. కారు ఎక్కడో దూరంగా పార్క్ చేసినప్పుడు జరిగినా ఇబ్బందే. డాష్‌బోర్డ్ అరలో ఉన్న కాగితాల మీద మీ చిరునామా ఉంటుంది. నావిగేషన్‌లో ‘హోమ్’ అని కొడితే దారి కూడా అదే చూపిస్తుంది.

అందుకని వైజర్ రిమోట్ తీసేసి, తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న రిమోట్ వాడండి. మీతో పాటే దిగుతుంది, మీతో పాటే ఇంట్లోకి వస్తుంది. కొన్ని కార్లలో గ్యారేజ్ బటన్లు కారులోనే బిగించి వస్తాయి. కారు ఆఫ్‌లో ఉన్నా అవి పనిచేస్తాయా లేదా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. ఇంటికెళ్లాక ఒకసారి నొక్కి చూడండి. పనిచేస్తుంటే, ఆ కారుని రాత్రి బయట వదిలే అలవాటు మానుకోవాలి, లేదా ఆ బటన్లలోని కోడ్ చెరిపేయాలి. కారు అమ్మేటప్పుడు ఈ సంగతి దాదాపు అందరూ మర్చిపోతారు. కొత్త యజమాని చేతికి మన ఇంటి తలుపు కూడా ఇచ్చేసినట్టవుతుంది.

రిమోట్ పోతే చేయాల్సింది కూడా చెప్తాను. చాలా మోటార్ల వెనక వైపో పక్కనో ‘లెర్న్’ అని ఒక బటన్ ఉంటుంది. దాని పక్కనున్న లైటు ఆరేదాకా కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మోటార్ తన జ్ఞాపకంలో ఉన్న రిమోట్‌లన్నిటినీ మర్చిపోతుంది. తర్వాత మీ దగ్గర మిగిలిన రిమోట్‌లని ఒక్కొక్కటిగా మళ్లీ నేర్పాలి. గోడ బయటి కీప్యాడ్‌నీ, కారులోని బటన్లనీ కూడా మళ్లీ నేర్పాల్సి రావచ్చు. కాస్త విసుగైన పనే, కానీ తాళం మార్చినంత ఫలితం ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఎవరో ఉండి వెళ్లిన ఇంట్లోకి మీరు కొత్తగా దిగితే, సామాన్లు సర్దకముందే ఈ పని చేయండి. పాతవాళ్లు రిమోట్‌లు ఎంతమందికి ఇచ్చారో మనకి తెలిసే దారి లేదు.

ఇప్పుడు అందరినీ ఎక్కువగా భయపెట్టే విషయానికి వద్దాం. రిమోట్ దొంగిలించకుండానే గాల్లో సిగ్నల్ పట్టి తలుపు తెరవగలరా అని అడుగుతుంటారు. మీ మోటార్ ఏ కాలానిదో తెలిస్తేనే దీనికి జవాబు చెప్పగలం.

పాత రిమోట్ విప్పితే లోపల వరసగా చిన్న చిన్న మీటలు ఉంటాయి. వాటిని డిప్ స్విచ్‌లు అంటారు. ఒక్కోటి పైకో కిందికో పెట్టాలి. రిమోట్‌లోనూ మోటార్‌లోనూ ఒకే వరస ఉంటే తలుపు తెరుచుకుంటుంది. 8 మీటలుంటే 256 కోడ్‌లు, 12 ఉంటే 4096. వినడానికి 4096 పెద్ద సంఖ్యే. 2015లో సామీ కామ్‌కర్ అనే భద్రతా పరిశోధకుడు, మాటెల్ కంపెనీ పిల్లల కోసం చేసి తర్వాత ఆపేసిన ‘ఐఎం-మీ’ అనే బొమ్మ మెసేజింగ్ యంత్రాన్ని తీసుకుని, దాన్నే రేడియో ట్రాన్స్‌మిటర్‌గా మార్చి, ఇలాంటి తలుపులు 10 సెకన్లలోపు తెరుచుకుంటాయని చూపించాడు.

అదెలా సాధ్యమైందో తెలుసుకోవాలి, ఎందుకంటే లోపం ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది. ఒక్కో మీటకి ఒక బిట్, అంటే సున్నా లేదా ఒకటి. 4096 కోడ్‌లని విడివిడిగా పంపితే ఒక్కోటీ 12 బిట్ల చొప్పున మొత్తం 49,152 బిట్లు పంపాలి. కానీ అలాంటి పాత రిసీవర్లకి ఒక కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టింపు లేదు. తప్పు కోడ్ వస్తే దాన్ని పారేసి మళ్లీ మొదటినుంచి వినవు. చివరగా విన్న 12 బిట్లని ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ పోతాయి. అంటే ఒక కోడ్ తోక మరో కోడ్‌కి తల కాగలదు. అలా ఒకదాని మీద ఒకటి పేర్చి అన్ని కోడ్‌లూ ఒక్కసారి వచ్చేలా రాసే వరసకి గణితంలో డి బ్రైన్ వరస అని పేరు, నెదర్లాండ్స్ గణిత శాస్త్రవేత్త పేరు మీద. అప్పుడు 4107 బిట్లు చాలు. బిట్‌కి 2 మిల్లీసెకన్ల చొప్పున లెక్కేస్తే 8 సెకన్ల చిల్లర. తాళం చెక్కుచెదరదు, ఎక్కడా గీత పడదు, దొంగ వచ్చి వెళ్లిన ఆనవాలే ఉండదు. మీ రిమోట్ విప్పితే లోపల ఆ మీటలు కనబడ్డాయా, ఆ మోటార్ మార్చేయండి. దాన్ని నిలబెట్టుకోవడానికి నేను ఏ సలహా చెప్పినా అది మీకు అన్యాయం చేసినట్టే.

1990ల మధ్యనుంచి వచ్చిన చాలా మోటార్లలో రోలింగ్ కోడ్ ఉంటుంది. రిమోట్ లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. నొక్కిన ప్రతిసారీ ఆ లెక్క ఒకటి పెరుగుతుంది, దాన్ని రహస్య కీతో కలిపి కొత్త కోడ్ తయారవుతుంది. మోటార్ కూడా అదే లెక్క వేసుకుంటూ ఉంటుంది. ఒకసారి వాడిన కోడ్ మళ్లీ చెల్లదు కాబట్టి సిగ్నల్ రికార్డు చేసి మళ్లీ వదిలితే పని జరగదు. మరి పిల్లలు రిమోట్‌తో ఆడుకుని దూరంగా ఎక్కడో పదిసార్లు నొక్కేస్తే? మోటార్ తన లెక్కకి కొంచెం ముందున్న కోడ్‌లని కూడా ఒప్పుకుంటుంది. కీలాక్ అనే ప్రసిద్ధ పద్ధతిలో మామూలుగా 16 కోడ్‌ల దూరం వరకూ నేరుగా ఒప్పుకుంటుంది. అంతకు మించితే వరసగా రెండుసార్లు నొక్కమంటుంది. అందుకే ఒక్కోసారి రెండో నొక్కుకి గానీ తలుపు కదలదు.

దీనికీ దెబ్బలు తగలలేదని చెప్పను. 2008లో జర్మనీలోని రూర్ బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కీలాక్ చిప్ పనిచేసేటప్పుడు వాడుకునే కరెంటు హెచ్చుతగ్గులని కొలిచి, తయారీదారు దాచిన రహస్య కీని బయటికి లాగారు. 2015లో సామీ కామ్‌కరే ‘రోల్‌జామ్’ అనే చిన్న పరికరం చూపించాడు. మీరు మొదటిసారి నొక్కగానే అది మోటార్‌కి సిగ్నల్ అందకుండా అడ్డుపడి, ఆ కోడ్‌ని తను దాచుకుంటుంది. పనిచేయలేదనుకుని మీరు మళ్లీ నొక్కుతారు. అప్పుడు రెండో కోడ్‌ని దాచుకుని, మొదటిదాన్ని వదులుతుంది. తలుపు తెరుచుకుంటుంది, మీకు అనుమానం రాదు. దాని దగ్గర మాత్రం ఇంకా వాడని కోడ్ ఒకటి మిగిలి ఉంటుంది. ఆ తర్వాత మీరు నొక్కిన కొత్త కోడ్ మోటార్‌కి అందిందంటే ఆ దాచిన కోడ్ కూడా చెల్లకుండా పోతుంది.

ఇది విని రిమోట్ రెండోసారి నొక్కాల్సి వచ్చిన ప్రతిసారీ టెన్షన్ పడకండి. చాలాసార్లు అది బ్యాటరీ అయిపోవడమే. రోలింగ్ కోడ్ ఉన్న మోటార్‌ని ఇలా తెరవాలంటే దొంగకి పరికరం కావాలి, ఓపిక కావాలి, మీ ఇంటి దగ్గరే పొంచి ఉండాలి. అంత కష్టపడేకన్నా పక్కన మూడు సులువైన దారులున్నాయి. ఒకటి కారులో రిమోట్, అది చెప్పాను. మిగతా రెండింటి మీదే ఇప్పుడు మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

మోటార్ పట్టా కింద వేలాడే ఎర్ర పిడి తాడు మీరు చూసే ఉంటారు. కరెంటు పోయినా, ఎవరైనా లోపల చిక్కుకున్నా దాన్ని లాగితే తలుపు మోటార్ నుంచి విడిపోయి చేత్తో లేస్తుంది. దొంగలు తలుపు పై అంచుని కాస్త లోపలికి వంచి, సందులోంచి తీగ దూర్చి, ఆ తాడు కట్టి ఉండే విడుదల మీటని లాగుతారు. కోడ్ ఎంత గట్టిదైనా ఇక్కడ అక్కరకి రాదు. దీనికి చాలామంది ఆ మీటని ప్లాస్టిక్ టైతో బిగించి కట్టేయమని సలహా ఇస్తారు. గట్టి టైతో కట్టేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. 2017లో ఉత్తర కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గ్యారేజ్ తలుపులు ఎత్తలేక ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం 2019 జూలై 1 నుంచి కొత్తగా బిగించే ఇంటి గ్యారేజ్ మోటార్లకి బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి చేసింది. ఆ తాడు ప్రాణం కాపాడే తాడు. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు కూడా లాగగలిగేలా అది ఉండాలి.

మరి ఏం చేయాలి? ఆ మీటకీ తలుపు పై అంచుకీ మధ్య అడ్డుగా ఒక రేకు బిగించే కవచాలు దొరుకుతాయి. తీగ లోపలికి వచ్చినా మీటని అందుకోలేదు, తాడు మాత్రం కింద నుంచి మామూలుగానే పనిచేస్తుంది. అది మంచి దారి. తలుపుకి కిటికీ అద్దాలుంటే వాటికి పాలపొర లాంటి ఫిల్మ్ అంటించండి. లోపల మీట ఎక్కడుందో, కారు ఉందో లేదో బయటికి కనబడకపోతే దొంగ పని సగం ఆగిపోతుంది. తలుపు పై భాగం చేత్తో నెడితే వంగిపోతుంటే, అక్కడ ఇనుప బద్ద వేయించండి. స్ప్రింగుల జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. పైన బిగుసుకుని ఉన్న ఆ స్ప్రింగు చెయ్యి విరగ్గొట్టగలదు, ప్రాణం కూడా తీయగలదు. అది నేర్చినవాళ్ల పని.

ఇక మూడో దారి, గ్యారేజ్‌కీ ఇంటికీ మధ్యనున్న తలుపు. ఎంతమంది దానికి రాత్రిపూట తాళం వేస్తారు? గ్యారేజ్ తలుపు మూసి ఉంది కదా అన్న ధైర్యంతో చాలామంది వేయరు. గ్యారేజ్‌ని ఇంటి లోపలగా లెక్కేస్తాం, అక్కడే దెబ్బతింటాం. ఆ తలుపు లోపల డొల్ల లేని గట్టి చెక్కదో ఇనుముదో కావాలి. మంచి డెడ్‌బోల్ట్, అంటే తాళం తిప్పితేనే కదిలే గట్టి గడియ, పెట్టాలి. గడియ దూరే ఇనుప పట్టీని చిన్న మేకుల్లాంటి స్క్రూలతో వదిలేయకుండా, ద్వారబంధం దాటి గోడ చట్రంలోకి దిగే మూడు అంగుళాల స్క్రూలతో బిగించాలి. ఒక్క తన్నుకి ఊడే తలుపుకీ, దొంగని చాలాసేపు నిలబెట్టే తలుపుకీ మధ్య తేడా ఆ స్క్రూలే.

ఫోన్‌తో తలుపు తెరిచే యాప్‌ల గురించి కూడా అడుగుతున్నారు. తలుపు మూశానా లేదా అని దారిలో అనుమానం వస్తే ఫోన్‌లో చూసుకోవడం నిజంగా మేలే. కానీ 2023లో నెక్స్ అనే సంస్థ పరికరాలన్నిటికీ ఒకటే రహస్య పాస్‌వర్డ్ ఉందనీ, దాంతో దూరం నుంచి ఇతరుల తలుపులు తెరవొచ్చనీ ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ‘సిసా’ (CISA) దాని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు క్రమంగా ఇచ్చే సంస్థ పరికరమే కొనండి. రెండు దశల లాగిన్ ఆన్ చేయండి. ఇల్లు మారేటప్పుడు ఖాతాలోంచి తలుపుని తొలగించండి.

ఊరికి వెళ్లేటప్పుడు గోడ మీది ప్యానెల్‌లో ‘లాక్’ బటన్ ఉందేమో చూడండి. నొక్కితే రిమోట్‌లు ఏవీ పనిచేయవు. తలుపు పక్కన చేత్తో జరిపే గడియ ఉంటే అది ఇంకా మంచిది, కానీ గడియ వేసేముందు మోటార్ ప్లగ్ తీసేయండి. గడియ పడి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే మోటార్ లాగి తలుపు వంచేస్తుంది. బయటి కీప్యాడ్ ఉంటే పుట్టిన సంవత్సరం, ఇంటి నంబర్ లాంటివి కోడ్‌గా పెట్టకండి. ఏ నాలుగు అంకెలు అరిగాయో చూస్తే చాలు, మిగిలేవి 24 వరసలే. అందుకని అప్పుడప్పుడు కోడ్ మార్చండి, బటన్లు తుడవండి.

ఇవన్నీ చేసినా, మధ్యాహ్నం పూట తలుపు తెరిచి ఉంచి వెనక పెరట్లో పని చేసుకుంటే ఏ దొంగకీ రిమోట్ అక్కర్లేదు. కొన్ని నిమిషాల తర్వాత దానంతట అదే దిగే టైమర్ మీ మోటార్‌లో ఉంటే పెట్టుకోండి, కింద అడ్డు కనిపెట్టే సెన్సర్లు సరిగ్గా పనిచేస్తున్నాయని చూసుకున్నాకే.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మీ మోటార్ మోడల్ నంబర్, తయారైన సంవత్సరం తెలిసినవాళ్లు ముందు అడిగితే వాటికి నేరుగా జవాబు చెప్పగలను.